పర్లాకిమిడి కొండలు చెప్పే లెక్క

మా బడి మేడ మీది గది కిటికీ తెరిస్తే ఉత్తరాన కొండలు కనిపిస్తాయి. వానాకాలంలో మబ్బు వాటి నడుం దాకా దిగుతుంది. ఒకరోజు ఏడో తరగతి పిల్లల్ని “ఆ కొండల వెనక ఏముంది?” అని అడిగాను. “ఏజెన్సీ, సార్” అన్నారు నలుగురైదుగురు. ఏజెన్సీ అంటే ఏమిటంటే ఎవరూ నోరు విప్పలేదు. కాసేపటికి వెనక బెంచీ కుర్రాడొకడు, “అక్కణ్నుంచి సంతకి చింతపండు, అడ్డాకులు వస్తాయి సార్” అన్నాడు. ఆ పూట నాకు దొరికిన మంచి జవాబు అదే.

ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలు వాళ్లు. హిమాలయాలు ఎన్ని వరసలో చెప్పగలరు. తమ ఊరి ఏట్లోకి నీళ్లు ఎక్కణ్నుంచి దిగుతాయో మాత్రం చెప్పలేరు. తప్పు వాళ్లది కాదు. పుస్తకంలో తూర్పు కనుమలకు దక్కే చోటే కొంచెం, అందులో మన కొండల వంతు ఇంకా కొంచెం. అందుకని ఆ పాఠం నేనే తయారు చేసుకున్నాను. చేస్తూ పోతే అది భూగోళంతో ఆగలేదు, జనాభా దగ్గరికి వెళ్లింది, అక్కణ్నుంచి మన తెలుగు బడుల దాకా వచ్చింది. ఆ క్రమంలోనే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ‘ఏజెన్సీ’ సంగతి. 1839లో వచ్చిన ఒక చట్టం గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టులు, నిబంధనల నుంచి తప్పించి, గవర్నరుకు ఏజెంటు హోదాలో కలెక్టరు చేతికి అప్పగించింది. ఏజెంటు పాలించేది కాబట్టి ఏజెన్సీ. ఆ హోదా ఎప్పుడో పోయింది, పేరు మిగిలింది. పాత కాగితాల్లో ఈ కొండలను పర్లాకిమిడి మాలియాలు అని రాసేవారు. అంటే మన పిల్లలు ఆ చోటును కొండ పేరుతోనో ఏటి పేరుతోనో కాక, ఇప్పుడు లేని ఒక ఆఫీసు పేరుతో పిలుస్తున్నారన్నమాట.

ఒకే పేరుతో రెండు నదులు

గజపతి జిల్లా 1992 అక్టోబరు 2న గంజాం నుంచి విడిపోయింది. ఏడు బ్లాకులు. పర్లాకిమిడి చుట్టూ ఉన్న గోసాని, వంశధార పక్కనున్న కాశీనగర్ చాలావరకు మైదానం. గుమ్మ, రాయగడ, నువాగడ, ఆర్.ఉదయగిరి, మోహన కొండ బ్లాకులు. ఇక్కడ పిల్లలు తప్పక తికమకపడతారు: మన జిల్లాలోని రాయగడ బ్లాకు వేరు, పక్కనున్న రాయగడ జిల్లా వేరు. పరీక్ష పేపర్లు దిద్దేవాళ్లు కూడా ఒక్కోసారి పొరబడటం చూశాను.

పర్లాకిమిడి పట్నం సముద్రమట్టానికి సుమారు 145 మీటర్ల ఎత్తున ఉంది. మహేంద్రగిరి శిఖరం 1,501 మీటర్లు. ఆ శిఖరం నుంచి బంగాళాఖాతం గాలిదారిలో పాతిక కిలోమీటర్ల చిల్లర మాత్రమే. పైన భీముడు, కుంతి, యుధిష్ఠిరుడి పేర్లతో మూడు పాత రాతి గుళ్లున్నాయి. శివరాత్రికి ఒడిశా వైపు నుంచే కాక శ్రీకాకుళం వైపు నుంచి కూడా జనం ఎక్కుతారు. ఒడిశా ప్రభుత్వం 2022లో ఈ కొండను జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది.

ఈ కొండల రాయి చాలావరకు ఖొండలైట్, చార్నోకైట్. మొదటి పేరు విని పిల్లలు భయపడతారు గానీ అది ఖోండుల పేరు మీద పెట్టిందే. భూగర్భశాస్త్రవేత్తలు ఒక రాయికి మన పక్క కొండల మనుషుల పేరు పెట్టి ప్రపంచమంతా వాడుతున్నారని చెబితే తరగతి ఒక్కసారి లేచి కూర్చుంది. ఆ రాయి నలిగిపోయే ఎర్రమట్టి అవుతుంది. అడవి ఉన్నంతకాలం ఆ మట్టి కొండకు అంటుకుని ఉంటుంది, లేకపోతే ఏట్లోకి వస్తుంది.

సముద్రం దగ్గర, కొండ ఎత్తు. ఈ రెండు మాటలు కలిపితే వాన అర్థమవుతుంది. తడిగాలి మైదానం దాటీ దాటగానే కొండకు కొట్టుకుని పైకి లేచి కురిసిపోతుంది. ఏడాదికి సుమారు 1,400 మిల్లీమీటర్లు. తుపాను వస్తే ఆ కురవడమే విపత్తు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. మన వాళ్లందరికీ గుర్తున్నది ఉద్దానం కొబ్బరితోటలు, జీడితోటలు కూలిపోవడం. అదే తుపాను వానకు రాయగడ బ్లాకులోని బారఘర దగ్గర కొండచరియ విరిగిపడింది. వానకు జడిసి గుహలాంటి చోట తలదాచుకున్న పదిమందికి పైగా జనం అక్కడే ప్రాణాలు విడిచారు. తీరం వార్త మనకు తెలిసినంతగా కొండ వార్త తెలియలేదు. మా తరగతిలో తిత్లీ గురించి ఇంట్లో విన్న పిల్లలు చాలామందే ఉన్నారు, బారఘర పేరు విన్నవాళ్లు ఒక్కరూ లేరు.

ఇక నదులు. పర్లాకిమిడి ఒడ్డున పారేది మహేంద్రతనయ. దాని అవతల పాతపట్నం, అంటే ఆంధ్ర. కొండల్లో పుట్టి, పట్నం పక్కగా దిగి, హిరమండలం దాపున గొట్టా బ్యారేజీకి ఎగువన వంశధారలో కలుస్తుంది. అయితే సోంపేటలో చుట్టాలున్న ఒక అమ్మాయి, “మహేంద్రతనయ బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది కదా సార్?” అంది. తరగతి నవ్వింది. ఆ అమ్మాయి చెప్పిందీ నిజమే. మహేంద్రగిరి వరసలో పుట్టి తూర్పుకు దిగి, సోంపేట మీదుగా బారువ దగ్గర సముద్రంలో కలిసే నది పేరు కూడా మహేంద్రతనయే. తనయ అంటే కూతురు. ఒక కొండకు ఇద్దరు కూతుళ్లు, ఒకే పేరు. ఒకతె నేరుగా సముద్రానికి వెళ్లింది, ఇంకొకతె వంశధారను పట్టుకుని కళింగపట్నం దగ్గర చేరింది. ఇలా చెప్పిన పాఠాన్ని పిల్లలు మరిచిపోరు.

134 అనే అంకె

2011 జనగణన ప్రకారం గజపతి జిల్లా జనాభా 5,77,817. పదేళ్ల ముందు 5,18,837. విస్తీర్ణం 4,325 చదరపు కిలోమీటర్లు. చదరపు కిలోమీటరుకు 134 మంది. ఏటికవతలున్న శ్రీకాకుళం జిల్లాలో అదే ఏడు 463 మంది. ఒక నది, ఒక రైలు మార్గం పంచుకునే రెండు జిల్లాల మధ్య మూడున్నర రెట్ల తేడా ఇది. తేడా నదిది కాదు, వాలుది.

ఆ 134 కూడా సగటే. గోసాని, కాశీనగర్ మైదానాల్లో జనం ఒత్తుగా ఉంటారు, కొండ బ్లాకుల్లో పలచబడతారు. నూటికి ఎనభై ఎనిమిది మంది పల్లెల్లోనే ఉన్నారు. నూటికి 54 మంది షెడ్యూల్డు తెగలవారు. గుమ్మ, రాయగడ, నువాగడ వైపు సవరలు, మోహన వైపు కుయి మాట్లాడే కంధలు ఎక్కువ. మోహన దగ్గరి చంద్రగిరిలో 1963 నుంచి టిబెటన్లు స్థిరపడి ఉన్నారు. ఒడియా, తెలుగు సరేసరి. అక్షరాస్యత 53.49 శాతం, ఆడవాళ్లలో 43 శాతం. ఇవి పదిహేనేళ్ల కిందటి అంకెలు, ఇప్పుడు మారి ఉంటాయి. కొత్తవి వచ్చేదాకా చేతిలో ఉన్నవి ఇవే.

ఇంకో అంకె దగ్గర ఆగాలి. వెయ్యిమంది మగవాళ్లకు 1,043 మంది ఆడవాళ్లు. రాష్ట్రం మొత్తానికి అది 979. పిల్లల్ని కారణం అడిగితే “మగవాళ్లు పనులకు పోతారు” అన్నారు. కేరళ, బెంగళూరు, సూరత్ అని పేర్లూ చెప్పారు. వలస ఒక కారణం, నిజమే. అయితే ఆదివాసీ సమాజంలో ఆడపిల్ల పుట్టుకను భారంగా చూడకపోవడం కూడా అందులో ఉందని నా అభిప్రాయం. ఆ మాట అన్నప్పుడు కొందరు తల వంచుకున్నారు. వాళ్ల ఇళ్లలో ఏ మాటలు వింటున్నారో మరి.

ముప్పై ఇళ్ల ఊరు

మైదానపు ఊరు చెరువు చుట్టూ పెరుగుతుంది. కొండ ఊరు ఊట దగ్గర మొదలై ఊట దగ్గరే ఆగిపోతుంది. ఒక గెడ్డ పక్కన ఉన్న కాస్త చదునులో, రాళ్లతో ఎత్తైన గట్లు కట్టి మెట్లుమెట్లుగా మడులు చేశారు సవరలు. పై మడి నిండితే నీరు కింది మడికి దిగుతుంది. యంత్రం లేదు, ఇంజినీరు లేడు. వరి అక్కడ. పైన వాలు మీద పోడులో చోళ్లు, సామలు, కందులు. ఇంటి చుట్టూ పనస, చింత, జీలుగు చెట్లు. ఇప్పుడు జీడిమామిడి చాలాచోట్ల పోడును తినేసింది. ఇంత నేల ఎంతమందికి తిండి పెట్టగలదో ఊరు అంతే ఉంటుంది. మిగిలినవాళ్లు ఇంకో గెడ్డ వెతుక్కుంటారు. అందుకే కొండ మీద ఊళ్లు ఎక్కువ, ఒక్కో ఊళ్లో ఇళ్లు తక్కువ.

తల్లిదండ్రులూ తోటి టీచర్లూ ఇక్కడ కాస్త నిదానంగా చదవాలి. మాతృభాషలో ప్రాథమిక విద్యకు మన దేశంలో ఒక పాత కొలత ఉంది. 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒప్పుకున్నది: బడి మొత్తంలో 40 మంది, లేదా ఒక తరగతిలో 10 మంది ఆ భాష పిల్లలుంటే ఆ భాషలో చెప్పే టీచరును ఇవ్వాలి. 1956లో ఏడో సవరణతో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం ఆ బాధ్యతను రాష్ట్రాల మీద పెట్టింది. ఇవాళ్టికీ మన బడుల గురించి ఏ ఆఫీసులో మాట్లాడినా చివరికి ఈ నలభై, పది దగ్గరికే వస్తారు.

ఇప్పుడు ముప్పై ఇళ్ల కొండ ఊరొకటి అనుకుందాం. ఇంటికి నలుగురైదుగురు చొప్పున నూట ముప్పై మంది. ఒకటి నుంచి ఐదు చదివే వయసు పిల్లలు పదిహేను, పదహారుమంది తేలతారు. ఐదు తరగతులకు పంచితే తరగతికి ముగ్గురు. పదీ లేదు, నలభై అంతకన్నా లేదు. పక్క ఊళ్లో ఇంకో పదిహేనుమంది ఉన్నారు గానీ మధ్యలో గెడ్డ ఉంది, వానాకాలంలో అది దాటనివ్వదు. 2011 లెక్కల ప్రకారం దేశంలో సవర మాట్లాడేవారు నాలుగు లక్షల పైచిలుకు. అంత పెద్ద భాష కూడా ఒక్కో ఊళ్లో తరగతికి పదిమందిని చూపించలేదు. కొండ వాళ్లను తగ్గించలేదు, విడగొట్టింది.

ఆంధ్రప్రదేశ్, ఒడిశా రెండూ 2000 తర్వాత బహుభాషా విద్య కింద సవరలో చిన్న తరగతుల పుస్తకాలు వేశాయి. తలల లెక్కతో పని లేకుండా, ఊరు ఏ భాష ఊరో చూసి బడిని ఎంచుకున్నారు. అది ఎంత బాగా నడిచిందన్నది వేరే చర్చ. లెక్క వేసే తీరు మార్చవచ్చని మాత్రం అది చూపించింది.

మనం పట్నాల్లో ఉన్నాం, మన మధ్య గెడ్డలు లేవు. అయినా మన సంగతీ అటే పోతోంది. ఒకప్పుడు వీధి వీధంతా ఒకే బడికి వెళ్లేది. ఇప్పుడు ఒకే వీధి తెలుగు పిల్లలు నాలుగు రంగుల యూనిఫాంలలో నాలుగు బస్సులెక్కుతున్నారు. నలుగురు అక్కడ, ముగ్గురు ఇక్కడ. లెక్కకు మాత్రం ఎక్కడా పదిమంది కారు. కొండలో గెడ్డ చేసిన పని ఇక్కడ బస్సు చేస్తోంది. హోసూరు, డెంకణికోట వైపు కొండ ఊళ్లలో చెప్పే తెలుగు టీచర్లకు రెండు బాధలూ ఒకేచోట తెలిసే ఉంటాయి.

గిడుగు వారు ఎక్కిన దారి

ఏటా ఆగస్టు 29న మన బడుల్లో గిడుగు రామమూర్తి గారి పటానికి దండ వేస్తాం. వ్యావహారిక భాష గురించి నాలుగు మాటలు చెప్పి మిఠాయి పంచుతాం. ఆయన పర్లాకిమిడిలో మాస్టారు అన్నది ఇక్కడి పిల్లలకు గర్వం. కానీ సగం కథే చెబుతున్నాం.

1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన రామమూర్తి గారు 1880లో, పదిహేడేళ్లకే ఇక్కడ బడిపంతులయ్యారు. సంతకు దిగే సవరల మాట విని, అది నేర్చుకోవాలనుకున్నారు. సవర, తెలుగు రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. కొండలెక్కారు, మలేరియా తెచ్చుకున్నారు, దానికి వాడిన క్వినైన్‌తో వినికిడి పోగొట్టుకున్నారు. ఒక భాషను చెవితో పట్టుకోవడానికి వెళ్లి చెవులే పోగొట్టుకున్న మనిషి! సవర పిల్లలకు సొంత డబ్బుతో బడులు పెట్టారు, తెలుగు లిపిలో వాళ్లకు పుస్తకాలు రాశారు. గొంతులో ఆగిపోయే సవర ధ్వనులు మన అక్షరాల్లో సరిగా ఇమడవు, అయినా ఆ రోజుల్లో ఎవరూ చేయని పని అది. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. సవరలకు సొంత లిపి 1936లో వచ్చింది. సొరంగ్ సొంపెంగ్ అనే ఆ లిపిని తయారు చేసినవారు మంగై గొమాంగో.

అదే 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి పట్నమూ, కొండలూ ఇటు వచ్చాయి. జమీందారీలో మిగతా భాగం మద్రాసులో ఉండిపోయింది. రామమూర్తి గారు రాజమండ్రి వెళ్లిపోయారు. మన తాతలు ఇక్కడే ఉండిపోయారు. మనం అల్పసంఖ్యాకులమైంది ఆ రోజు నుంచే. సవరలు మాత్రం రెండు రాష్ట్రాల్లోనూ అల్పసంఖ్యాకులే అయ్యారు. వాళ్ల కొండ మధ్యలోంచి గీత పోయింది.

మన వైపు నుంచి ఒక మాట ఒప్పుకోవాలి. గిడుగు వారు వెళ్లిన దారిలోనే మైదానపు వర్తకులూ వెళ్లారు. వాళ్లకు వచ్చిన సవర, తూకం వేసేంతవరకు, బాకీ రాసేంతవరకు. ఈ సంగతి కూడా ఆగస్టు 29న చెప్పాలి.

ఫారంలో ఒక గడి

2021లో జరగాల్సిన జనగణన జరగలేదు. 2027 మార్చి 1 నాటి జనాభాను లెక్కించేలా కొత్త జనగణనకు కేంద్రం 2025 జూన్‌లో నోటిఫికేషన్ ఇచ్చింది. 2011 ఫారంలో మాతృభాషకు ఒక ప్రశ్న, వచ్చిన ఇతర భాషలకు ఇంకో ప్రశ్న ఉన్నాయి. మాతృభాష అంటే చిన్నప్పుడు తల్లి మనతో మాట్లాడిన భాష అని అప్పటి సూచనల్లో స్పష్టంగా ఉంది. ఇంటిల్లిపాదికీ ఒకటే అయి ఉండాలని కూడా లేదు. తండ్రిది ఒకటి, కోడలిది ఒకటి కావచ్చు. ఇతర భాషలు రెండు వరకు రాస్తారు.

మన ఇళ్లలో జరిగేది వేరు. లెక్కకు వచ్చినాయన ఒడియాలో అడుగుతాడు, మనం ఒడియాలో జవాబిస్తాం, ఆయన అదే రాసుకుని పోతాడు. ఎవరి తప్పూ కాదు, ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. పిల్లవాడు ఇంగ్లీషు మీడియం కాబట్టి ఏ భాషైనా ఫరవాలేదనుకునే తల్లిదండ్రులనూ చూశాను. చదివే మీడియానికీ ఆ గడికీ సంబంధం లేదు. ఒక ప్రాంతంలో ఒక భాషవాళ్లు నూటికి 15 మంది ఉంటే ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలు ఆ భాషలోనూ ఇవ్వాలన్న రక్షణ ఈ లెక్క మీదే నిలబడి ఉంది. మన బడుల ఖాళీల గురించి అర్జీ పెట్టినా మొదటి కాగితం ఇదే అడుగుతారు. లెక్కకు వచ్చినప్పుడు ఇంట్లో ఉన్నవాళ్లు, అమ్మమ్మ అయినా సరే, “మా భాష తెలుగు” అని అడక్కముందే చెప్పాలి. రాసింది చదివి వినిపించమనాలి.

సవర ఇంటికీ ఇదే వర్తిస్తుంది. పట్నంలో పనికి కుదిరిన సవర కుటుంబాలు ఒడియా అనో తెలుగు అనో చెప్పేస్తుంటాయి. మన వీధిలో అలాంటి ఇల్లుంటే ఆ మాట చెప్పడం మన పనే.

ఈ పాఠమయ్యాక ఒక సంత రోజు పిల్లల్ని తీసుకెళ్లాను. అడ్డాకుల కట్టలు అమ్ముతున్న ఒక సవర ముసలామె దగ్గర కూర్చోబెట్టి, ఆమె భాషలో లెక్కపెట్టమని అడిగాం. ముందు సిగ్గుపడింది, తర్వాత నవ్వుతూ మొదలుపెట్టింది. పన్నెండు దాకా ఒక్కో అంకెకు ఒక్కో పేరు. పదమూడు అంటే ‘పన్నెండూ ఒకటి’. అలా ఇరవై దాకా వెళ్లి అక్కడ కొత్త గుంపు మొదలు. ముప్పై మూడు అనాలంటే ‘ఇరవై, పన్నెండు, ఒకటి’. పది పదులుగా తప్ప లెక్కే లేదనుకునే మా పిల్లలు వేళ్లు చూసుకుంటూ ఉండిపోయారు. లెక్కల మాస్టారు కూడా.

తిరిగి వస్తూ ఒకమ్మాయి తరగతిని లెక్కపెట్టింది. ఈ ఏడు మా ఏడో తరగతిలో పన్నెండూ ఒకటి.